ఫ్యామిలీ మెడిసిన్ చదివితే మళ్లీ ఎంబీబీఎస్ డాక్టరేనా?

ఇంటిల్లిపాదికీ అన్నిరకాల జబ్బులూ చూసే డాక్టరును తయారుచేసే పీజీ కోర్సు ఫ్యామిలీ మెడిసిన్. ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీట్లు పంచే నీట్ పీజీ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఈ సందేశం తిరుగుతుంది: ‘ఫ్యామిలీ మెడిసిన్ తీసుకుంటే మూడేళ్లు వృథా. పల్లెకు వెళ్తే ఎదుగుదల ఉండదు. పేదలకు మేలు చేయాలంటే ముందు స్పెషలిస్టు కావాలి.’ ర్యాంకు కార్డు పట్టుకుని ఎటూ తేల్చుకోలేని పిల్లలు దీన్ని నమ్మేస్తున్నారు. అది బాధాకరం.

మూడేళ్లు వృథా అట. డీఎన్‌బీ (జాతీయ పరీక్షా మండలి ఇచ్చే పీజీ డిగ్రీ) ఫ్యామిలీ మెడిసిన్‌లో జనరల్ మెడిసిన్, సర్జరీ, ప్రసూతి, పిల్లల వైద్యం అన్నీ ఒక్కో విభాగంలో పనిచేస్తూ నేర్చుకోవాలి. ఆ చదువు ఎక్కడ అక్కరకొస్తుందో చూడండి. కూలికి వెళ్లే పెద్దావిడ మోకాళ్ల నొప్పులని వస్తుంది. షుగరు ఉందని తెలిసిన డాక్టరు చెప్పులు విప్పించి అరికాళ్లు చూస్తారు. షుగరుతో స్పర్శ పోయిందేమోనని సన్నటి నైలాన్ పోగు తాకిస్తే ఆమెకు తెలియడం లేదు; బొటనవేలి కింద పుండు మొదలైంది. ఇన్సులిన్ రాసే ముందు ఇంట్లో ఫ్రిజ్ ఉందా అని అడుగుతారు. లేదంటే, తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో దాచుకోవడం నేర్పుతారు. వెంట వచ్చిన కోడలి కనురెప్పల లోపల పాలిపోయి ఉంటే, రక్తహీనతేమోనని ఆమెకూ రక్తపరీక్ష రాస్తారు. ఇవే పనులకు పట్నంలో నాలుగు ఓపీల ముందు నిలబడితే పోయేది నాలుగు రోజుల కూలి.

ఎదుగుదల సంగతి. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారిలో పల్లె పేదలకు వైద్యం చేసే జన్ స్వాస్థ్య సహయోగ్ సంస్థను మొదలుపెట్టింది ఎయిమ్స్‌లో చదివిన డాక్టర్లు. నీలగిరుల్లో గూడలూరు ఆదివాసీ ఆసుపత్రి ఉంది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) పట్టణ పేదల కోసం 1982లోనే తక్కువ ఖర్చు వైద్య విభాగం తెరిచింది. కాన్పు, క్షయ, సికిల్‌సెల్ రక్తవ్యాధి ఒకే రోజు ఎదురయ్యే ఇలాంటి చోట్ల అన్నీ చూడగల డాక్టరే కావాలి. బోధనలోనూ దారి ఉంది. కేరళలోని కోళికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎండీ ఫ్యామిలీ మెడిసిన్ నడుస్తోంది.

స్పెషలిస్టులు పెరిగితేనే మేలన్నది లెక్కకు నిలవదు. అమెరికా గణాంకాలపై 2019లో వచ్చిన అధ్యయనం ప్రకారం, లక్ష జనాభాకు 10 మంది ప్రాథమిక వైద్యులు (ఫ్యామిలీ డాక్టర్ల లాంటివాళ్లు) ఎక్కువగా ఉన్నచోట ఆయుర్దాయం 51.5 రోజులు ఎక్కువ. అదే స్పెషలిస్టులైతే 19.2 రోజులే.

ఈ డిగ్రీకంటూ ఉద్యోగాలు తక్కువే, అది మాత్రం నిజం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) వైద్యాధికారి పోస్టుకు ఎంబీబీఎస్ చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ‘ఫ్యామిలీ డాక్టర్’ పేరుతో పథకమే వచ్చినా, ఊళ్లకు వెళ్లిన పీహెచ్‌సీ డాక్టర్లకు ఈ డిగ్రీ ఉండాలన్న షరతు లేదు. ఈ కోర్సుకు ప్రాచుర్యం కల్పించాలని 2017 జాతీయ ఆరోగ్య విధానమే చెప్పింది. అలాంటప్పుడు పోస్టులు సృష్టించని ప్రభుత్వాలను నిలదీయాలి, కోర్సును తిట్టడం ఎందుకు?

ఆప్షన్లు పెట్టే పిల్లలకు ఒక మాట. మీరు చేరాలనుకునే ఆసుపత్రిలో కాన్పులు మీ చేత చేయిస్తారా, పల్లె క్లినిక్‌లకు పంపుతారా, అక్కడి సీనియర్లనే అడిగి తెలుసుకోండి.