మనిషికి 600, మిషనుకు 75

వేయిస్తంభాల గుడి ఉన్న ఊళ్లో పుట్టినవాడికి రాయి అంటే భయం ఉండకూడదు. 1163లో రుద్రదేవుడు ఆ గుడి కట్టించినప్పుడు రాళ్లను మోయడానికి మనుషులు కావలసి వచ్చారు. మా ఇంట్లో ఆ అవస్థ లేదు. రాయి బోరులోంచి పైపు గుండా మూడో అంతస్తుకు తనంతట తానే ఎక్కి వచ్చి, వంటింట్లోని ఎస్ప్రెసో మిషను బాయిలర్‌లో స్థిరనివాసం ఏర్పరచుకుంటోంది.

గత నెల ఒక ఉదయం మీట నొక్కితే పంపు ఆయాసపడుతున్నట్టు మూలిగింది. కప్పులో మూడు చుక్కలు పడ్డాయి. నాలుగో చుక్క కోసం నేను ఎంతసేపు వంగి నిలబడ్డానో ఇక్కడ రాయడం నా వయసుకు తగదు. "కప్పు అలాగే ఉంచండి, మధ్యాహ్నానికి నిండుతుంది" అని మా ఆవిడ ధైర్యం చెప్పింది.

బాధ్యత గల పౌరుడిగా విచారణ జరిపించాను. బాయిలర్ నిండుతోంది, కనుక పంపు నిర్దోషి. గొట్టంలోంచి ఆవిరి బుసకొడుతోంది, కనుక హీటరు నిర్దోషి. పొడి వేయకుండా వట్టి నీళ్లు వదిలినా దిగడం లేదు, కనుక పొడి మరీ మెత్తగా విసిరానన్న అభియోగం కూడా వీగిపోయింది. ఇక మిగిలింది నీరు కాఫీ పొడి మీదికి దిగే దారి. ఆ దారికి కాపలాగా సోలినాయిడ్ వాల్వు, అంటే కరెంటుతో తెరుచుకునే బుల్లి తలుపు, ఉంటుంది. దాని రంధ్రం చాలా సన్నం.

కాజీపేట నుంచి గీజర్లు బాగుచేసే మెకానిక్ వచ్చాడు. ప్లగ్గు పీకించాడు, ఆవిరంతా వదిలాడు, చల్లారేదాకా మా కుటుంబ చరిత్ర విన్నాడు. ఆ తర్వాత వాల్వు మీది కాయిల్ తప్పించి, లోపలి స్ప్రింగును, చిన్న ఇనుప ముక్కను అరచేతిలో దులిపాడు. నువ్వు గింజలో సగం ఉన్న తెల్లటి పెచ్చు ఒకటి రాలింది. "ఇంతే సార్. గీజరులోనైతే గుప్పెళ్లు తీస్తాను" అన్నాడు, నా ఇంటి స్థాయి మీద కొంచెం నిరాశతో.

ఆ పెచ్చు అక్కడికి ఎలా చేరిందన్నది సున్నితమైన విషయం. అంతకు ముందు ఆదివారం బాయిలర్ శుభ్రం చేసిన మహానుభావుణ్ణి నేనే. లీటరు నీటికి 20 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి పోశాను. వెనిగర్ వాడమని పక్కింటాయన అన్నాడు గానీ, ఆ వాసన ఒక పట్టాన వదలదని మానేశాను. నిమ్మ ఉప్పు తన పని తాను చేసింది. కరగవలసిన గార కరిగింది, కరగనిది గోడ వదిలి దేశాటనకు బయలుదేరింది. ఏళ్లుగా ఒక మూల కూర్చున్నవాణ్ణి లేపితే నేరుగా వచ్చి గుమ్మంలోనే కూర్చున్నాడు. తక్కువ మోతాదుతో రెండు మూడు సార్లు నానబెట్టి, ప్రతిసారీ బాగా కడిగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

అసలు ముద్దాయి నీరు. రాతి పగుళ్లలో నిలిచిన నీటిలో కాల్షియం కరిగి ఉంటుంది. చక్కెర వేడికి ఎక్కువ కరుగుతుంది, ఈ కాల్షియం తిరకాసు మనిషి: వేడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి, రాయి రాయిగా బయటపడుతుంది. చుక్కల మందుతో పరీక్షిస్తే మా బోరు నీటి కాఠిన్యం, అంటే అందులో కరిగి ఉన్న రాయి, లీటరుకు 300 మిల్లీగ్రాములు తేలింది. రోజుకు లీటరు చొప్పున, అందులో మూడో వంతు అంటుకున్నా ఏడాదికి 36 గ్రాములు. బంగారమైతే మూడు తులాలకు పైనే. ఈ లెక్క మా ఆవిడకు చెప్పకుండా ఉండవలసింది.

ఇక చట్టం. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీటి కాఠిన్యం 200 దాకా ఆమోదయోగ్యం, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకుపోవచ్చు. అంటే మా బోరు మనిషికి పనికొస్తుంది, మిషనుకు పనికిరాదు. నాకు కూడా కడుపు ఉందని, అందులోనూ పైపులున్నాయని ఎవరికైనా చెప్పుకుందామంటే వినే కార్యాలయం లేదు.

పరిష్కారంగా ఆర్‌ఓ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాను తెప్పించాను. బాయిలర్‌లో నీటి మట్టం చూసే కడ్డీ ఒకటి ఉంటుంది, నీటిలో లవణాలుంటేనే కరెంటు పారి దానికి నీరు ఉన్నట్టు తెలుస్తుంది. క్యాను నీళ్లు దాని దృష్టిలో నీళ్లే కావు. నిండిన బాయిలర్‌ను ఖాళీ అనుకుని ఇంకా ఇంకా నింపి, చివరికి ఆవిరి గొట్టంలోంచి నా చొక్కా మీదికి వదిలింది. చివరకు మూడు పాళ్లు క్యాను, ఒక పాలు బోరు కలిపి 75 దగ్గర సంధి కుదిర్చాను. ఆ బిందెకు వేరే మూత, వేరే గరిటె, పిల్లలకు ముట్టకూడదని ఆజ్ఞ.

నిన్న రాత్రి అమ్మ బీపీ మాత్ర వేసుకోవడానికి నీళ్లడిగితే, చీకట్లో ఆ బిందెలోవే ముంచి ఇచ్చాను. ఒక గుక్క తాగి గ్లాసు తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఇవి చప్పగా ఉన్నాయిరా. బోరు నీళ్లు పట్టుకురా."