నెగెటివ్ చీటీకి ఆయుష్షు ఎంత?

ఫిబ్రవరిలో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో అడుగు పెట్టిన ఎవరికైనా దగ్గు వస్తుంది. తేజ రకం మిర్చి బస్తా విప్పి కుప్ప పోసేటప్పుడు లేచే ఘాటు గేటు బయట చాయ్ బండి దాకా వస్తుంది. కండువాను ముక్కుకు రెండు చుట్లు చుట్టుకుని బస్తా మోసే హమాలీ దగ్గుతాడు. కాంటా దగ్గర లెక్క రాసే గుమాస్తా దగ్గుతాడు. ధర కోసం పొద్దుటి నుంచి కాచుకుని కూర్చున్న రైతు దగ్గుతాడు. 'దగ్గు, జలుబు ఉంటే వెంటనే కరోనా పరీక్ష చేయించుకోండి' అని ఆ రోజుల్లో ఊరూరా చెప్పిన మాట ఈ యార్డులో పనికిరాలేదు. దాన్ని పాటిస్తే యార్డు యార్డంతా లైన్లో నిలబడాలి. అందుకని ఎవరూ పాటించలేదు.

హమాలీకి దగ్గు ఒక లక్షణం కాదు, రోజువారీ సంగతి. అతను చూసుకోవలసింది మార్పును. మార్కెట్ సెలవు రోజున ఇంట్లో పడుకున్నా తగ్గని దగ్గు, దానికి తోడు ఒళ్లు కాగడం, గొంతు మంట, మెట్లు ఎక్కితే ఎన్నడూ లేని ఆయాసం ఉంటే ఆ దగ్గు మిర్చిది కాదు. ఇంత చిన్న సంగతిని అతని భాషలో చెప్పే ప్రయత్నం మన ప్రచారంలో ఎక్కడా కనిపించలేదు.

కరోనా పరీక్షల మీద మన దగ్గర జరిగిన చర్చ చాలావరకు 'ఎక్కడ' చుట్టూ తిరిగింది. కేంద్రం ఎక్కడ ఉంది, కిట్లు ఉన్నాయా, లైను ఎంత పొడవుంది, ప్రైవేటులో ఎంత తీసుకుంటున్నారు. ఆ బాధలు నిజమైనవే. కానీ ప్రాణం మీదికి తెచ్చిన పొరపాట్లలో ఎక్కువ 'ఎప్పుడు' అన్న దగ్గర జరిగాయని నా అభిప్రాయం. అందుకు మా ఇంట్లోనే ఒక ఉదాహరణ ఉంది.

2021 ఏప్రిల్‌లో, పరకాల దగ్గర పల్లెలో ఉండే మా చిన్న మేనమామ ఒక పెళ్లికి వెళ్లి వచ్చాడు. పంక్తిలో ఆయన పక్కన కూర్చుని భోంచేసిన మనిషికి పాజిటివ్ అని మర్నాడు సాయంత్రం ఫోను వచ్చింది. తెల్లారగానే వెళ్లి ర్యాపిడ్ పరీక్ష చేయించుకున్నాడు. నెగెటివ్ వచ్చింది. ఆ చీటీని చొక్కా జేబులో పెట్టుకుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపిస్తూ తిరిగాడు. ఒక దశదిన కర్మకు కూడా వెళ్లి వచ్చాడు. నాలుగో రోజు ఒళ్లు కాలిపోయింది. 'పరీక్ష అయిపోయింది కదా, ఇది ఎండ జ్వరం' అన్నాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు ఇంజెక్షన్లు చేసి సెలైన్ పెట్టాడు. జ్వరం మొదలైన ఆరో రోజుకు గానీ హనుమకొండకు తీసుకురాలేకపోయాం. 94 కన్నా తగ్గకూడని ఆక్సిజన్ అప్పటికి 86. పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. ఇప్పటికీ ఆ నెగెటివ్ చీటీ తప్పని వాదిస్తాడు.

చీటీ తప్పు చెప్పలేదు. ఆ ఉదయాన ముక్కులో పరీక్షకు దొరికేంత వైరస్ లేదని మాత్రమే చెప్పింది. దాన్ని మామయ్య వారం రోజులకు సరిపోయే ధ్రువపత్రంగా చదువుకున్నాడు.

విత్తనం వేసిన మర్నాడే మొలక కోసం సాలు వెంబడి వెతికే రైతు ఉండడు. వైరస్ విషయంలో మాత్రం అందరం అదే చేశాం. ఒంట్లోకి చేరిన వైరస్ ముక్కులో, గొంతులో దొరికేంతగా పెరగడానికి కొన్ని రోజులు పడుతుంది. 2020లో వచ్చిన తొలి రకం సోకిన తర్వాత లక్షణాలు బయటపడడానికి సగటున ఐదారు రోజులు పట్టేది. డెల్టాకు అది సుమారు నాలుగు రోజులకు, ఒమిక్రాన్‌కు మూడు రోజులకు తగ్గింది. కాబట్టి పాజిటివ్ వచ్చిన మనిషిని కలిశామని తెలిసిన గంటలోనే ముక్కులో పుల్ల పెట్టించుకుంటే, ఆ వచ్చే ఫలితం మనసుకు ఊరట తప్ప మరేమీ కాదు. లక్షణాలు లేకపోతే కలిసిన రోజు నుంచి ఐదు రోజులు ఆగి చేయించుకోవాలి. లక్షణాలు వస్తే ఆ రోజో మర్నాడో చేయించుకోవాలి. ముందు చేయించుకున్న పరీక్ష అప్పుడు లెక్కలోకి రాదు.

ర్యాపిడ్ పరీక్షకు ఇంకో చిక్కు ఉంది. 2020 జూన్‌లో భారత వైద్య పరిశోధన మండలి అనుమతించిన ఆ కిట్లు అరగంటలో ఫలితం చెబుతాయి. పాజిటివ్ అంటే దాదాపుగా నమ్మవచ్చు. నెగెటివ్ అంటే నమ్మడానికి లేదు. లక్షణాలుండి ర్యాపిడ్‌లో నెగెటివ్ వస్తే ఆర్‌టీ పీసీఆర్ (ల్యాబ్‌లో చేసే పరీక్ష) తప్పనిసరిగా చేయాలని అప్పుడే నిబంధన పెట్టారు. నిబంధన సరైనదే. నూట రెండు జ్వరంతో మూడు గంటలు ఎండలో నిలబడి నెగెటివ్ అనిపించుకున్న మనిషి, రెండో పరీక్షకు మళ్లీ లైన్లో ఎందుకు నిలబడతాడో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. ఆర్‌టీ పీసీఆర్ అందుబాటులో లేనివాళ్లు 48 గంటలు ఆగి ర్యాపిడ్ పరీక్షే మరోసారి చేయించుకున్నా చాలావరకు పని జరుగుతుంది.

ఇక దీనికి తిరగేసిన పొరపాటు, కోలుకున్నాక నెగెటివ్ చూసుకోవాలన్న ఆరాటం. చచ్చిన వైరస్ ముక్కలు వారాల తరబడి ముక్కులో ఉండిపోవచ్చు, ఆర్‌టీ పీసీఆర్ వాటినీ పట్టుకుంటుంది. అందుకే ఒకసారి పాజిటివ్ వచ్చినవారికి మళ్లీ ఆర్‌టీ పీసీఆర్ చేయవద్దని 2021 మే 4న వైద్య పరిశోధన మండలి స్పష్టంగా చెప్పింది. అయినా నెగెటివ్ చూపిస్తేనే పనిలోకి రమ్మన్న యజమానులు, ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు వరంగల్‌లో కోకొల్లలు.

అదే నెలల్లో 'సీటీ ఎంత వచ్చింది' అన్నది పలకరింపుగా మారింది. అందులో రెండు సీటీలు కలిసిపోయాయి. ఒకటి ఆర్‌టీ పీసీఆర్ రిపోర్టులో ఉండే సీటీ విలువ. అది తక్కువగా ఉంటే నమూనాలో వైరస్ ఎక్కువ ఉన్నట్టు. రెండోది ఛాతీ సీటీ స్కాన్‌లో 25కు లెక్కగట్టే స్కోరు. అది ఎక్కువగా ఉంటే ఊపిరితిత్తులు ఎక్కువగా దెబ్బతిన్నట్టు. 'నాకు పద్దెనిమిది వచ్చింది' అని ఒకరు ఏడుస్తుంటే, అది ఏ పద్దెనిమిదో అడగకుండానే ఇంకొకరు ఓదార్చడం నేను స్కానింగ్ సెంటర్ ముందు కూర్చుని విన్నాను. జ్వరం వచ్చిన రెండో రోజే స్కాన్‌కు పరుగెత్తినవారికి ఊపిరితిత్తులు శుభ్రంగా కనిపించాయి. వాళ్లూ దాన్ని నెగెటివ్ చీటీగానే జేబులో పెట్టుకున్నారు.

ఉత్తర తెలంగాణలో 'ఎప్పుడు' అన్న ప్రశ్నను నిక్కచ్చిగా అర్థం చేసుకున్నది గల్ఫ్‌కు వెళ్లే కార్మికులే. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో ఏడో తరగతి దాటని కుర్రాళ్లు కూడా విమానం బయలుదేరే సమయం నుంచి వెనక్కి గంటలు లెక్కపెట్టుకుని నమూనా ఇచ్చేవారు. ఒక దేశానికి 72 గంటలు, ఇంకో దేశానికి 48 గంటలు. గంట దాటితే చీటీ చెల్లదని, టికెట్ డబ్బు పోతుందని వాళ్లకు తెలుసు. పరీక్ష ఫలితానికి గడువు ఉంటుందన్న సంగతి డబ్బుతో ముడిపడితే ఇట్టే అర్థమైంది. ఆరోగ్యంతో ముడిపడినప్పుడు మాత్రం అర్థమయ్యేలా చెప్పలేకపోయాం.

'ఎక్కడ' అన్న ప్రశ్న చిన్నదని కాదు. 2020 మార్చిలో కరీంనగర్‌లో తొలి కేసులు బయటపడినప్పుడు వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి వివరాలు అడిగాయి. ముక్కులో తీసిన నమూనా మాత్రం హైదరాబాద్ వెళ్లవలసి వచ్చేది. తర్వాత వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలో ల్యాబ్ మొదలైంది. పరీక్షలు చాలినన్ని చేయడం లేదని ఆ ఏడాది హైకోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని పదేపదే మందలించింది. జూన్‌లో ప్రైవేటు ల్యాబ్‌లను అనుమతించి ధర 2,200 రూపాయలుగా నిర్ణయించారు. అది హమాలీ కోసం పెట్టిన ధర కాదని చెప్పడానికి విశ్లేషణ అక్కర్లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ధర కన్నా ప్రయాణం. జ్వరంతో, దగ్గుతో ఉన్న మనిషి పల్లె నుంచి నిండుగా ఉన్న ఆర్టీసీ బస్సు ఎక్కి, నలభై కిలోమీటర్లు వచ్చి, ఆటో మారి, లైన్లో నిలబడి, తిరిగి అదే బస్సులో ఇంటికి వెళ్లాలి. రోగం ఉందో లేదో తెలుసుకోవడానికి రోగాన్ని ఊరూరా తిప్పడమే ఇది. తిరగవలసింది నమూనా, మనిషి కాదు. దారి కూడా ఉంది. 2021 జూన్‌లో ములుగు, మహబూబాబాద్, కరీంనగర్ సహా 19 జిల్లాల్లో ప్రారంభించిన తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి రక్త నమూనాలను వాహనాల్లో తెప్పించుకోవడానికే పుట్టాయి. చల్లని పెట్టెలో రక్తం సీసాల పక్కన ముక్కు నమూనా గొట్టం ఒకటి పెట్టడానికి కొత్త పథకం, కొత్త శిలాఫలకం అవసరం లేదు.

ఇంకో మాట, డాక్టర్లకు కోపం తెప్పించేదే. పల్లెలో జ్వరం మొదట చేరేది ల్యాబ్‌కు కాదు, ఆర్‌ఎంపీ దగ్గరకు. అతన్ని తిట్టడం సులువు. మా మామయ్య విషయంలో నేనూ తిట్టాను. కానీ రాత్రి పదింటికి తలుపు తీసేది అతనే. అరవై దాటినవారు, షుగర్, బీపీ, మూత్రపిండాల జబ్బు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి వైరస్‌ను అదుపు చేసే మాత్రలు ఉన్నాయి. అవి లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపు మొదలుపెట్టాలి, ఎవరికి సరిపడతాయో డాక్టరే చెప్పాలి. ఆ ఐదు రోజుల్లో మూడు ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లకే పోతున్నాయి. అరవై దాటిన మనిషికి జ్వరం వస్తే మొదటి రోజే ఆరోగ్య కేంద్రానికి పంపాలన్న ఒక్క సంగతి అతనికి నేర్పి, చేతిలో ఒక ఆక్సీమీటర్ పెడితే, పది హోర్డింగుల కన్నా ఎక్కువ పని జరుగుతుంది.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితిని ఎత్తేసింది. 2025 మే, జూన్ నెలల్లో దేశంలో కేసులు మళ్లీ కొంత పెరిగినప్పుడు, పరీక్ష ఎక్కడ చేస్తారని నన్ను అడిగినవాళ్లలో సగం మందికి పరీక్షే అవసరం లేదు. పాతికేళ్ల ఆరోగ్యవంతుడికి జలుబు, జ్వరం వస్తే పాజిటివ్ అయినా నెగెటివ్ అయినా చేయవలసింది ఒకటే. ఇంట్లో ఉండాలి, మాస్కు పెట్టుకోవాలి, నానమ్మ గదిలోకి వెళ్లకూడదు. ఫలితం ఏదైనా మన నడవడిక మారనప్పుడు ఆ పరీక్ష డబ్బు దండగ. 2022 జనవరిలో వైద్య పరిశోధన మండలి ఇదే బాట పట్టింది. పాజిటివ్ వచ్చినవారిని కలిసిన వారిలో కూడా వయసు, ఇతర జబ్బుల వల్ల ప్రమాదం ఉన్నవారికి తప్ప మిగతావారికి పరీక్ష అక్కర్లేదంది. అదే ఇంట్లో డయాలసిస్ చేయించుకునే తండ్రి ఉంటే లెక్క మారుతుంది. ఆ కుర్రాడూ చేయించుకోవాలి.

మందుల దుకాణంలో దొరికే ఇంటి కిట్టు ఇలాంటప్పుడు పనికొస్తుంది. 2021 మేలో తొలి కిట్టుకు అనుమతి వచ్చినప్పుడు ధర 250 రూపాయలు. పెట్టె మీద 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలని రాసి ఉంటుంది. మే నెలలో రామగుండంలో, రేకుల కప్పు కింద నడిచే మందుల దుకాణంలో ఆ మాటకు అర్థం ఏమిటో మీరే ఊహించండి. పుల్లను ముక్కు అంచున తాకించి తీసేయడం, పదిహేను నిమిషాలు చూడాల్సిన చోట గంట తర్వాత చూసి గీత వచ్చిందని బెంబేలెత్తడం మామూలే. సమయానికి చూసినప్పుడు కిట్టు మీద 'టి' అక్షరం దగ్గర గీత ఎంత పలచగా ఉన్నా పాజిటివే. 'సి' అక్షరం దగ్గర గీతే రాకపోతే ఆ పరీక్ష చెల్లదు.

వానాకాలంలో చిక్కు ఇంకోలా ఉంటుంది. ఆగస్టులో ములుగు, భూపాలపల్లి వైపు జ్వరం అంటే ముందు డెంగ్యూ, మలేరియా చూడాలి. డెంగ్యూకూ గడువు ఉంది. ఎన్‌ఎస్‌1 పరీక్ష తొలి ఐదు రోజుల్లో చేస్తేనే బాగా పట్టుకుంటుంది. రెండు వారాలు దాటిన దగ్గయితే గళ్ల పరీక్ష చేసి క్షయ ఉందేమో చూడాలి. ఒక్కో జబ్బుకు ఒక్కో గది, ఒక్కో లైను పెట్టే పద్ధతిలో రోగి తన జబ్బు పేరు ముందే తెలుసుకుని రావాలి. జ్వరమని వచ్చిన మనిషి దగ్గర ఒకే కుర్చీలో రక్తం, ముక్కు నమూనా రెండూ తీసుకుంటే ఏం పోతుంది?

వేలికి పెట్టిన ఆక్సీమీటర్‌లో అంకె 94 కన్నా తగ్గినా, మాట పూర్తి చేయడానికి ఊపిరి ఆడకపోయినా, పెదవులు నల్లబడినా ల్యాబ్ కోసం వెతకకూడదు. 108కు ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి గానీ, దగ్గర్లో ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి గానీ నేరుగా వెళ్లాలి, నమూనా అక్కడే తీసుకుంటారు. 2021లో పాజిటివ్ రిపోర్టు లేదని గేటు దగ్గర వెనక్కి పంపిన ఆసుపత్రులు ఉన్నాయి. కోవిడ్ కేంద్రంలో చేర్చుకోవడానికి పాజిటివ్ రిపోర్టు తప్పనిసరి కాదని, అనుమానిత రోగిగా చేర్చుకోవాలని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ ఏడాది మే 8న ఉత్తర్వు ఇచ్చింది. మామయ్యను ఆటోలో పడుకోబెట్టుకుని మేము ఒక గేటు ముందు గంటన్నర నిలబడింది ఏప్రిల్ ఆఖరి వారంలో. గేటు మనిషి రిపోర్టు అడిగినప్పుడు మామయ్య జేబులోంచి తీసి ఇచ్చింది ఆ నెగెటివ్ చీటీనే.