పరాన్నజీవిగారి పట్టింపులు

అడుక్కుతినేవాడికి అరవై ఊళ్లని సామెత. కట్టినవాళ్లు సముద్రంలోకి తొంగి చూసినట్టు లేదు. అక్కడ పరుల సొమ్ము తిని బతికే జీవికి చాలాసార్లు ఒక్కటే ఊరు, ఊళ్లో ఒక్కటే ఇల్లు, ఆ ఇంట్లోనూ ఒక్కటే మూల. కొక్కేలతో మొప్పలకు వేలాడే మోనోజీనియన్ పురుగుల్లో చాలా జాతులకు ఒకే జాతి చేప కావాలి. కొన్నిటికి అందులోనూ మొప్పలో ఫలానా చోటే కావాలి. తినేది పరాన్నం, పైగా ఇంత పట్టింపా! పక్కనే ఈదుతున్న చేపకు జరిగిన ఈ అవమానంపై విచారణ జరగాల్సిందే.

మొదటి ముద్దాయి సాల్మన్ చేపల ఒంటికి పట్టే సాల్మన్ పేను. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఏమీ తినదు. పుట్టుకతో తెచ్చుకున్న సొన కరిగిపోయేలోగా సాల్మన్ కుటుంబం చేప దొరకాలి, లేదంటే అంతే సంగతులు. నీటి కదలికను బట్టి చేపను పసిగడుతుంది, ఒంటి వాసన పోల్చుకుంటుంది, ఆ తర్వాతే కుదురుకుంటుంది. ఇంత పరిశోధన చేసి అట్లాంటిక్ సాల్మన్ మీద దిగితే సంసారం సాగిపోతుంది. దాని దాయాది కోహో సాల్మన్ మీద దిగితే మాత్రం పట్టుకున్న చోటల్లా చర్మం వాచి, కణాలు పెరిగి పేనును కప్పేస్తాయి. కొద్ది వారాల్లోనే చాలా పేలు రాలిపోతాయి. అవే నీళ్లు, అదే పేను. మరి వివక్ష ఎవరిది?

ఫ్రాన్స్ పరాన్నజీవి శాస్త్రవేత్త క్లాడ్ కోంబ్ ఇలాంటి తగాదాలన్నిటికీ రెండు జల్లెళ్లు చాలన్నాడు. ఇద్దరూ ఎదురుపడాలి, ఇది మొదటిది. ఎదురుపడ్డాక లోపల బతికి బట్టకట్టాలి, ఇది రెండోది. రెండోది ఎంత సన్నటిదో సొరచేప పేగు చెబుతుంది. సముద్రపు ఉప్పు తన ఒంట్లో నీటిని లాగేయకుండా సొరచేప యూరియాను దాచుకుంటుంది. మనం మూత్రంలో వదిలించుకునే సరుకే! దాని పేగులోని బద్దెపురుగులు ఆ యూరియాకే అలవాటుపడ్డాయి. చాలావాటి తల ఆకారం కూడా ఆ పేగు ముడతలకు కొలతపెట్టి కుట్టినట్టుంటుంది. మామూలు చేప పేగులో పడితే ఒంటికి ఆ యూరియా ఉండదు, తలకి పట్టు చిక్కదు. దీన్ని పొగరంటే ఎలా?

ఇక అసలు నేరస్థులు, అంటే 'ఈ చేపకు ఆ పురుగు పట్టదు' అని ధ్రువపత్రాలు రాసేవాళ్లు. పది చేపలు కోస్తారు, ఏమీ కనబడదు, సంతకం పెట్టేస్తారు. నూటికి ఐదు చేపల్లో పురుగున్నా, పది కోసినవాడికి ఒక్కటీ తగలకపోయే అవకాశం దాదాపు 60 శాతం. ఒక్కటైనా చిక్కుతుందని 95 శాతం భరోసా కావాలంటే 59 చేపలు కోయాలి. అదీ ఏరుకోకుండా తీసిన చేపలైతే, చూసే కన్ను దేన్నీ వదలకపోతే. చేప చచ్చాక మొప్పల పురుగులు, పేలు జారిపోతాయి. పట్టినవన్నీ ఒకే తొట్టిలో పడేస్తే ఒకదాని పేను ఇంకోదాని మీదికెక్కుతుంది, శాస్త్రానికి కొత్త ఆతిథేయి, అంటే పురుగుకు ఇల్లిచ్చే కొత్త జీవి, పుట్టుకొస్తుంది! అందుకే చేపకో సంచీ కట్టాలి, సంచీ అడుగున మిగిలిన నీళ్లనూ సన్న జల్లెడలో వడగట్టాలి. ఈ ఓపిక లేనివాళ్లు 'పట్టదు' కొట్టేసి 'కనబడలేదు' అని రాస్తే సిరా ఏమీ ఎక్కువ కాదు.

ఎందుకంటే చాలా 'పట్టదు'లు కేవలం ఇంకా ఎదురుపడనివి. పరిచయాలు చేయించడానికి మనిషి ఉండనే ఉన్నాడు. జపాన్ ఈల్ చేప నీటిలో తేలడానికి వాడే గాలితిత్తిలో అంగ్విల్లికోలా అనే నులిపురుగు పెద్ద గొడవ లేకుండా కాపురం ఉండేది. బతికున్న ఈల్ చేపల వ్యాపారంతో 1980ల మొదట్లో అది ఐరోపా చేరింది. అక్కడి ఈల్‌కు ఈ పురుగుతో పాత పరిచయం లేదు, ఎదుర్కొనే పద్ధతీ తెలియదు. తిత్తి గోడ మందమై మచ్చలు కట్టింది. ఆ తిత్తితోనే అది గుడ్లు పెట్టడానికి వేల కిలోమీటర్లు ఈది అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రం చేరాలి. ఆల్చిప్పలదీ ఇదే వరస. 1979లో ఫ్రాన్స్ తీరంలో బయటపడిన బొనామియా అనే ఏకకణ పరాన్నజీవి, రోగాన్ని ఎదుర్కోవాల్సిన ఐరోపా ఆల్చిప్పల రక్తకణాల్లోనే దూరింది. కాపలావాళ్ల గదిలోనే దొంగ మకాం అన్నమాట. వాటి పక్కనే పెరిగే పసిఫిక్ ఆల్చిప్పలు నిక్షేపంగా ఉన్నాయి.

చివరగా ఒక బాధితుడి అర్జీ. అనిసాకిస్ అనే నులిపురుగు పిల్ల చేపలో కూర్చుని తిమింగలం కోసం ఎదురుచూస్తుంటే, పచ్చి చేప ముచ్చటపడి మనిషి మింగేస్తాడు. మొదటి జల్లెడ దాటింది, రెండోది దాటలేదు. కడుపు గోడ కొరుకుతుంది, ఈడేరకుండానే చస్తుంది. నొప్పి ఒకరిది, చావు ఒకరిది. చేపను −20 డిగ్రీల సెల్సియస్‌లో 7 రోజులు గడ్డకట్టించి ఉంటే చావు మాత్రం తప్పేది కాదు గానీ, నొప్పి తప్పేది.