ఎవరా జెరాల్డ్ వైలీ?

1960ల చివర్లో ఒక రాత్రి, లండన్‌లో ఒక టీవీ స్టూడియోకి ఎదురుగా ఉన్న చైనీస్ రెస్టారెంట్‌లో విందు. పిలిచిన పెద్దమనిషి పేరు జెరాల్డ్ వైలీ. వచ్చినవాళ్లంతా 'ఫ్రాస్ట్ ఆన్ సండే' అనే కామెడీ షో బృందం. ఆ షోకి వైలీ కొంతకాలంగా ఏజెంట్ ద్వారా స్కిట్లు పంపుతున్నాడు, అవి బాగా పేలుతున్నాయి కూడా. కానీ మనిషిని చూసినవాళ్లు లేరు. నాటక రచయిత టామ్ స్టాపర్డే మారుపేరుతో రాస్తున్నాడని కొందరు, కాదు హాస్య రచయిత ఫ్రాంక్ మ్యూర్ అని కొందరు. భోజనాల మధ్యలో ఆ షోలో నటించే రోనీ బార్కర్ లేచి, వైలీని నేనే అన్నాడు. ముందు ఎవరూ నమ్మలేదు. ఇదీ ఒక జోకే అనుకున్నారు.

నమ్మకపోవడానికి కారణం ఉంది. రిహార్సల్లో వైలీ స్కిట్లు చదివేటప్పుడు బార్కర్ అందరికంటే ముందు వంకలు పెట్టేవాడు. 'డాక్టర్స్ వెయిటింగ్ రూమ్' అనే స్కిట్ తోటి నటుడు రోనీ కార్బెట్‌కి తెగ నచ్చింది. హక్కులు కొనుక్కో అని సలహా ఇచ్చిందీ బార్కరే, వైలీ 3,000 పౌండ్లు అడుగుతున్నాడని తెలిశాక అంత పెట్టొద్దు అన్నదీ బార్కరే. చివరికి వైలీ దాన్ని ఉచితంగా ఇచ్చేశాడు. ఇంత నాటకం ఎందుకు? నటుడు తన షోకి తనే రాసుకుని తెస్తే బాగోలేదని ముఖం మీద ఎవరు చెప్తారు? మన భాషలో దీనికి చక్కని మాట ఉంది, మొహమాటం. మొహమాటంతో నవ్వే నవ్వు హాస్య రచయితకి చేసే చెరుపు, నవ్వకపోవడం కూడా చేయదు. బార్కర్ భయపడింది దానికే.

ఈ భయం వెనక ఆయన పుట్టిపెరిగిన తీరు కూడా ఉందని నాకు అనిపిస్తుంది. 1929లో బెడ్‌ఫర్డ్‌లో పుట్టాడు. పెరిగింది ఆక్స్‌ఫర్డ్ ఊళ్లో, యూనివర్సిటీలో కాదు. కొన్నాళ్లు బ్యాంకు గుమాస్తాగా చేసి, 1948లో ఐల్స్‌బరీలో ఒక నాటక సమాజంలో చేరాడు. ఒక నాటకం ఆడుతూనే తర్వాతిది బట్టీపట్టే అలాంటి సమాజాల్లో ఏళ్లు గడిచాక, 1959లో మొదలైన 'ది నేవీ లార్క్' రేడియో షోతో పేరొచ్చింది. 1966లో 'ది ఫ్రాస్ట్ రిపోర్ట్' టీవీ షోలోకి వచ్చేసరికి చుట్టూ డేవిడ్ ఫ్రాస్ట్, జాన్ క్లీజ్ లాంటి కేంబ్రిడ్జ్ కుర్రాళ్లు. యూనివర్సిటీ గడప తొక్కని బార్కర్, కార్బెట్ అక్కడే ఒకరికొకరు దగ్గరయ్యారు. ఆ షోలోని ప్రసిద్ధ స్కిట్‌లో ముగ్గురూ ఎత్తు ప్రకారం వరసగా నిలబడతారు. పొడుగు క్లీజ్ పైతరగతి, బార్కర్ మధ్యతరగతి, పొట్టి కార్బెట్ శ్రామికుడు. నడిమివాడు ఒకసారి తలెత్తి పైకి, ఒకసారి తల దించి కిందికి చూస్తాడు. ఆ చూపులోనే బ్రిటన్ సమాజమంతా ఉంది. రాసింది మార్టీ ఫెల్డ్‌మన్, జాన్ లా. కానీ ఆ నడిమి చూపు బార్కర్‌కి ఎవరూ నేర్పక్కర్లేదు.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. ఒక అవార్డుల సభలో సాంకేతిక లోపం వచ్చి కార్యక్రమం ఆగిపోతే, బార్కర్, కార్బెట్ కొన్ని నిమిషాల పాటు అప్పటికప్పుడు నవ్వించి నెట్టుకొచ్చారు. సభలో ఉన్న బీబీసీ పెద్దలు అది చూశారు. 1971 ఏప్రిల్‌లో వాళ్లిద్దరి కామెడీ షో 'ది టూ రోనీస్' మొదలై 1987 క్రిస్మస్ దాకా నడిచింది.

అందులో 1976లో వచ్చిన 'ఫోర్ క్యాండిల్స్' దగ్గర కాస్త ఆగాలి. ఊళ్లో ఒక హార్డ్‌వేర్ షాపు. గల్లా దగ్గర కార్బెట్, కొనడానికి వచ్చింది బార్కర్. 'ఫోర్ క్యాండిల్స్' కావాలంటాడు. నాలుగు కొవ్వొత్తులు తెచ్చి పెడతాడు షాపతను. కాదు, కావలసింది 'ఫోర్క్ హ్యాండిల్స్', తోటలో మట్టి తిరగేసే ఫోర్కుకి వేసే పిడులు. శ్రామికుల ఇంగ్లిష్‌లో 'హ' మింగేస్తారు కనుక అది 'ఫోర్కాండిల్స్' అయి కూర్చుంది. తర్వాత 'ఓస్' కావాలంటాడు. పార (హో) తెస్తే కాదు, నీళ్ల గొట్టం (హోస్) తెస్తే కాదు. చివరికి తేలేదేమంటే, గేటు మీద ఇంటికి పెట్టుకున్న పేరు అతికించుకోవడానికి 'ఓ' అక్షరాలు. నిచ్చెనెక్కి అక్షరాల డబ్బా దించి, ఇచ్చి, మళ్లీ ఎక్కి పైన పెట్టి దిగుతాడు షాపతను. అప్పుడు బార్కర్ తాపీగా 'పీస్' ఉన్నాయా అంటాడు. తిట్టుకుంటూ మళ్లీ నిచ్చెనెక్కి అదే డబ్బా దించితే, అడిగినవి బఠాణీ టిన్నులు.

శ్లేష మనకి కొత్త కాదు. 'మానవా, తాగుడు మానవా' అని గోడల మీద రాసుకున్నవాళ్లం. అయినా ఈ స్కిట్‌లో నాకు నచ్చేది మాటల విరుపు ఒక్కటే కాదు. యాసలో మాట్లాడే మనిషి ఇందులో వెర్రివాడు కాడు. తనకేం కావాలో అతనికి పూర్తిగా తెలుసు. సహనం కోల్పోయేది, నవ్వులపాలయ్యేది వినేవాడు. తెలంగాణ యాసని దశాబ్దాల పాటు విలన్లకీ కమెడియన్లకీ కట్టబెట్టిన సినిమాలు చూసి పెరిగిన మనకి ఈ తేడా ఇట్టే పట్టుబడుతుంది.

అంతమాత్రాన బార్కర్ రాసిందంతా బంగారమని కాదు. 'టూ రోనీస్'లో ద్వంద్వార్థాల మోతాదు ఎక్కువే. 1980లో వచ్చిన 'ది వర్మ్ దట్ టర్న్‌డ్' అనే వరస, ఆడవాళ్ల పాలనలో మగవాళ్లు నలిగిపోయే దేశం కథ, ఇప్పుడు చూస్తే ఇబ్బందిగా ఉంటుంది. 1982లో తర్వాతి తరం కమెడియన్లు 'ది టూ నినీస్' పేరుతో వీళ్ల బూతు పాటలకి పేరడీ కట్టారు. బార్కర్ నొచ్చుకున్నాడు. కానీ ఆ దెబ్బ సరైన చోటే తగిలింది. మారుపేరు మొహమాటాన్ని తప్పించగలిగింది గానీ కాలాన్ని తప్పించలేదు.

ఇతరులు రాసిన పాత్రల్లో ఆయన ఇంకా పెద్ద నటుడు. డిక్ క్లెమెంట్, ఇయన్ లా ఫ్రెనే రాసిన టీవీ సీరియల్ 'పారిడ్జ్' (1974-77)లో ఖైదీ ఫ్లెచర్. 'పారిడ్జ్' అనే మాటకి అక్కడి అర్థం మన 'చిప్పకూడు' లాంటిదే. జైలుని గెలవాలని చూడడు ఫ్లెచర్, రోజుకో చిన్న విజయం చాలు. అసలు జైల్లో షూటింగుకి హోం శాఖ ఒప్పుకోలేదు. రాయ్ క్లార్క్ రాసిన 'ఓపెన్ ఆల్ అవర్స్'లో పిసినారి కొట్టు యజమాని ఆర్క్‌రైట్‌ది నత్తి. డ్రాయరు వేళ్లని కొరికేస్తుందేమో అన్నంత దడదడగా మూసుకునే ఆ పాత గల్లా పెట్టె, ఆ నత్తి, రెండూ కలిసి ఒక తాళం.

1987 చివరికి, యాభై ఎనిమిదేళ్ల వయసులో, చాలించుకున్నాడు. కార్బెట్‌కి ముందే చెప్పాడు, ఆయన ఆ రహస్యం దాచాడు. అప్పటికే చిత్రీకరించిన 'క్లారెన్స్' సీరియల్ మరుసటి ఏడాది వచ్చింది. రాసిన పేరు బాబ్ ఫెరిస్ అని పడింది. అదీ బార్కరే. ఆ తర్వాత చిప్పింగ్ నార్టన్‌లో పాత సామాన్ల కొట్టు పెట్టుకుని కూర్చున్నాడు. ఇలా సమయానికి దిగిపోయిన హాస్యనటులు ఏ భాషలోనైనా ఎంతమంది ఉంటారో మీరే లెక్కేసుకోండి.

2005 అక్టోబర్ 3న చనిపోయాడు. మరుసటి ఏడాది వెస్ట్‌మినిస్టర్ ఆబీలో జరిగిన సంస్మరణలో ఊరేగింపు ముందు మామూలుగా పట్టుకునే రెండు కొవ్వొత్తులకి బదులు నాలుగు పట్టుకున్నారు.

ఆ 'ఫోర్ క్యాండిల్స్' స్కిట్ ముగింపు మాత్రం బార్కర్‌కి ఎప్పుడూ నచ్చలేదు. కొమ్మలు నరికే కత్తి పేరు ఇంగ్లిష్ బూతుమాటకి దగ్గరగా వినిపించడం మీద నడిచే ముగింపు అది. స్టేజీ మీద ఆడినప్పుడు దాన్ని తీసేసి, ఒక ఆడమనిషిని షాపులోకి తెచ్చి మరో ద్వంద్వార్థంతో ముగించాడు. నాకైతే మొదటిదే నయం. వైలీ పేరుతో ఆ రెండోది పోస్టులో వచ్చి ఉంటే, రిహార్సల్లో బార్కరే దానికి వంక పెట్టేవాడు.