కుండపెంకు దొరికితే పని ఆగిపోతుందా?

"పాత నగరం నడిబొడ్డున పునాది తీస్తుంటే కుండపెంకు కనిపించినా నోరెత్తకండి, పురావస్తువాళ్లు వచ్చి ఏళ్ల తరబడి పని ఆపేస్తారు." ఈ మెసేజ్ నాకు ముగ్గురు పంపారు. దాని కింద కారణాలు కూడా రాశారు కాబట్టి, వరసగా చూద్దాం.

"పెంకు దొరికితే పని బంద్." కాదు. పూర్తి తవ్వకం వేరు, పర్యవేక్షణ వేరు. పర్యవేక్షణలో యంత్రం తన పని తాను చేసుకుపోతుంది, పక్కన పురావస్తు నిపుణుడు నిలబడి చూస్తుంటాడు. వీలైనచోట పళ్లు లేని బకెట్ పెట్టించి మట్టిని పలచగా గీయిస్తారు, ఎందుకంటే పళ్లు నేలని చీల్చేస్తే రంగు తేడాలు తెలియవు. గుండ్రంగా నల్లటి మచ్చ కనిపించిందనుకోండి (ఎప్పుడో గుంజ పాతిన గుంత కావచ్చు), చెయ్యెత్తి ఆపి, తాపీతో గోకి, కొలిచి, ఫోటో తీసి, మళ్లీ కానివ్వమంటాడు. పెంకులంటారా, పాత ఊళ్లో అవి ఎక్కడ తవ్వినా వస్తాయి.

"ఇస్తాంబుల్‌లో ఏళ్లు ఆలస్యమైంది." నిజమే, ఒప్పుకోవాల్సిందే. కానీ యెనికాపి దగ్గర రైలు పనుల్లో బయటపడింది పెంకు కాదండీ, బైజాంటిన్ కాలపు ఓడరేవు, 37 ఓడల అవశేషాలతో సహా! లండన్‌లో 1989లో షేక్స్‌పియర్ కాలపు రోజ్ నాటకశాల పునాదులు తేలినప్పుడూ పెద్ద గొడవే అయింది, చివరికి డిజైన్ మార్చి వాటి మీదుగా ఆఫీసు భవనం లేపారు. ఆ మార్పేదో ప్లాన్ కాగితం మీద ఉండగానే చేస్తే చవకలో పోతుంది, అందుకే ముందు ట్రయల్ గుంతలు తీసి చూడమనేది.

"ముఖ్యమైనదైతే పనివాళ్లకే కనిపిస్తుంది, మెక్సికో సిటీలో కరెంటు పనివాళ్లే కనుక్కున్నారు." అవును, 1978లో, అజ్టెక్‌ల కొయోల్‌షౌకీ దేవత శిల. 3 మీటర్లకు పైగా వెడల్పున్న చెక్కిన బండ కనబడకేం! అదే లండన్‌లో బ్లూమ్‌బర్గ్ భవనం స్థలంలో, తడి బురదలో, 400కు పైగా రోమన్ల చెక్క రాతపలకలు దొరికాయి. ఒకదాని మీద క్రీ.శ. 57 జనవరి 8 తేదీతో 105 డెనారీల (రోమన్ల వెండి నాణేలు) అప్పుపత్రం ఉంది. బురదలో ఉన్నప్పుడు అదొక నల్లటి చెక్కపేడు, లారీలోకి ఎత్తిపోస్తే ఎవరికీ అనుమానం కూడా రాదు.

"వస్తువు తీసి మ్యూజియంకి ఇస్తే సరి." ఇది వినడానికి బానే ఉంటుంది. కదలని గచ్చు కింద నాణెం దొరికితే, ఆ నాణెం ముద్రించాకే ఆ గచ్చు వేశారని తెలుస్తుంది. జేబులో వేసుకుని తెచ్చిస్తే అది వట్టి నాణెమే.

"పైపుల కోసం ఎప్పుడో తవ్వేశారు, ఇంకేం మిగిలింది?" పైపుల కాలువ సన్నగా, పైపైనే పోతుంది. లండన్‌లో రోమన్లు కొలిచిన మిత్రా దేవుడి గుడిని ఇప్పటి వీధికి 7 మీటర్ల కింద చూపిస్తున్నారు. పైగా నిపుణుడు అనవసరంగా అక్కడే తిష్ట వేయడు. మనిషి చెయ్యి పడని సహజ మట్టి తగిలిందా, ఆ గుంతలో ఆయన పని అయిపోయినట్టే, సంచి సర్దుకుని పక్క గుంత దగ్గరికి నడుస్తాడు.