అచ్చు కావాలంటే అచ్చులు పీకెయ్యాలి

పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో ప్రభుత్వాన్ని విమర్శించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లైసెన్సు చట్టం 1695లోనే మురిగిపోయింది. రాసిన కాగితాన్ని ముందుగా ఏ అధికారికీ చూపించే పని లేదు. అచ్చయ్యాక వాళ్లే చూసుకుంటారు, కావాలంటే ఇంటికొచ్చి మరీ తీసుకెళ్తారు. ఇంతటి స్వేచ్ఛ ఉన్నప్పుడు రాసేవాడు కొన్ని మర్యాదలు పాటించడం న్యాయం.

ముందు కాగితం లెక్క. కరపత్రమంటే బస్టాండులో చేతిలో కుక్కిపోయే ఒంటి కాగితం అనుకోకండి. ఠావును (అచ్చుకు వాడే పెద్ద కాగితాన్ని) మూడుసార్లు మడిస్తే ఎనిమిది ఆకులు, అంటే 16 పేజీలు. అలాంటి ఠావులు మూడో నాలుగో కలిపి దారంతో కుట్టేస్తే సరుకు తయారు. అట్ట ఉండదు. ఆరు పెన్నీలకో షిల్లింగుకో (పన్నెండు పెన్నీలు) అమ్ముతారు.

ఠావులు ఎన్నో తేల్చుకున్నాకే ఆవేశపడాలి. 1712 స్టాంపు చట్టం ప్రకారం ఒక్క ఠావు పత్రికకు ప్రతికో పెన్నీ సుంకం. ఠావు దాటితే అది కరపత్రం కింద లెక్క. అప్పుడు ఠావుకు రెండు షిల్లింగులు. ప్రతికి కాదు, మొత్తం ముద్రణకే. వెయ్యి ప్రతులు వేస్తే ఒక్క ఠావు పత్రిక 83 షిల్లింగుల 4 పెన్నీలు కట్టాలి, ఒకటిన్నర ఠావుదైతే మూడు షిల్లింగులతో సరి. దాంతో వారపత్రికలన్నీ రాత్రికి రాత్రి ఒకటిన్నర ఠావుకు ఉబ్బాయి. వార్తలు పెరగలేదు, అక్షరాలు లావెక్కాయి. పార్లమెంటు ఈ కన్నం కనిపెట్టి పూడ్చడానికి 1725 దాకా పట్టింది.

ఇక రాయడం. మీ పేరు ఎలాగూ వెయ్యరు. తిట్టదలచిన వాడి పేరు కూడా పూర్తిగా వెయ్యకూడదు. మినిస్టర్, కింగ్ లాంటి మాటల్లో అచ్చులు పీకేసి, ఆ చోట అడ్డగీతలు పెట్టాలి. మొదటి అక్షరమూ చివరి అక్షరమూ మిగిలితే చాలు, కాఫీ హోటల్లో కూర్చున్నవాడు మిగతాది పూరించుకుంటాడు. ప్రచురణకర్త పేరుకూ బెంగ లేదు. 'సెయింట్ పాల్స్ దగ్గర ఎ. మూర్' అని వేసుకోవచ్చు. ఆ మూర్ గారు లేరు, అందుకే ఆయన్ని అరెస్టు చెయ్యడం కష్టం.

ఈ గీతల అసలు మహిమ కోర్టులో తెలుస్తుంది. రాజ్యాన్ని నిందించిన కేసులో రాసింది నిజమే అన్న వాదన చెల్లదు. నిజమైతే నింద ఇంకా బాగా అంటుకుంటుందని ధర్మాసనాల అభిప్రాయం. జ్యూరీ తేల్చవలసినవి రెండే: వీడు ప్రచురించాడా, ఆ గీతల మనిషి ఎవరు? అది నిందా కాదా అన్నది జడ్జీగారి సొత్తు, 1792లో ఫాక్స్ చట్టం వచ్చేదాకా. మరి ఆ గీతల మనిషి ఎవరో జ్యూరీకి చెప్పాలి కదా. కాబట్టి అభియోగపత్రంలో సర్కారువారి వకీలే ఒక్కో ఖాళీ దగ్గరా ఆగి, 'అనగా మన మంత్రిగారు' అని పూరించాలి. లంచగొండి దొంగ అని మాత్రమే రాసిన చోట ప్రధానమంత్రి వాల్పోల్ గారి పేరు చేర్చే శ్రమ ప్రభుత్వానిది.

వ్యంగ్యం మాత్రం జాగ్రత్తగా వాడాలి. 1702 డిసెంబరులో డేనియల్ డిఫో, ప్రభుత్వ చర్చికి లొంగని క్రైస్తవుల్ని నిర్మూలించడమే దగ్గరి దారి అని ఒక ఛాందసుడి గొంతుతో పేరు లేకుండా రాశాడు. అసలు ఛాందసులు ఔరా అన్నారు. వెక్కిరింత అని తెలిశాక ప్రభుత్వం గెజెట్‌లో 50 పౌండ్ల బహుమతి ప్రకటించింది: కొక్కెం ముక్కు, బూడిదరంగు కళ్లు, నోటి దగ్గర పెద్ద పుట్టుమచ్చ. రచయిత పేరు పేజీ మీద లేకపోయినా పుట్టుమచ్చతో సహా దొరికాడు. 200 మార్కుల (అప్పటి డబ్బు లెక్క) జరిమానా, 1703 జూలై చివర మూడు రోజులు బొండకొయ్య. ఆ తర్వాత రాజకీయ నాయకుడు రాబర్ట్ హార్లీ అతన్ని జైలు నుంచి విడిపించి ప్రభుత్వానికి రాసే పనిలో పెట్టుకున్నాడు. ఇంటర్వ్యూ కాస్త కఠినమే.

జీతం మాత్రం మంచిది. 1742లో వాల్పోల్ దిగిపోయాక పార్లమెంటు దిగువసభ కామన్స్ వేసిన రహస్య కమిటీ చిట్టా విప్పితే, పదేళ్లలో పత్రికలకూ రాసేవాళ్లకూ ఖజానా నుంచి వెళ్లింది 50,077 పౌండ్ల 18 షిల్లింగులు. ఆ 18 షిల్లింగులు చూడండి. కొనుగోలు ఎలాంటిదైనా లెక్క శుద్ధంగా ఉంది. ఈ బేరం మనవైపూ పాకింది: నెల్లూరు దాకా ఏలిన ఆర్కాటు నవాబు, శిస్తులు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పుల మధ్య కూడా లండన్‌లో తన తరఫున మాట్లాడటానికి జేమ్స్ మాక్‌ఫర్సన్ అనే కలంవీరుణ్ణి పెట్టుకున్నాడు. ఆయన పార్లమెంటు సభ్యుడు కూడా, కాబట్టి ఒకే ఖర్చుతో రెండు గొంతులు.

పార్లమెంటు చర్చలు చదవాలనుకునేవారికి ఇంకో సౌకర్యం. సభలో మాట్లాడినవి అచ్చువేస్తే హక్కుల ఉల్లంఘన అని కామన్స్ 1738లో తీర్మానించింది. జెంటిల్మన్స్ మ్యాగజైన్ వెంటనే 'లిల్లీపుట్ సభ' చర్చలు మొదలుపెట్టింది. అక్కడ సభ్యుడు పిట్ గారు ప్టిట్, వాల్పోల్ గారు వాలెలాప్. కొన్నేళ్లపాటు వీటిని రాసింది శామ్యూల్ జాన్సన్. సభలోకి దాదాపు అడుగు పెట్టకుండా, ఎవరెవరు ఏ వరసలో లేచారో అందిన ముక్కలతో గంటకు మూడు కాలమ్‌లు. యువకుణ్ణయిన ఘోరనేరం నాదే అని పిట్ 1741లో గర్జించిన ప్రసంగాన్ని తరవాత్తరవాత ఒక విందులో అందరూ మెచ్చుకుంటుంటే, దాన్ని ఎక్సెటర్ వీధి అటకగదిలో రాసింది నేనే అన్నాడు జాన్సన్. సభ్యులు వెళ్లి పడిన కష్టమంతా అనవసరం అన్నమాట.

ఇన్ని మర్యాదలు ఉండగా థామస్ పెయిన్ రాజరికాన్ని ఎదిరించే తన 'మనిషి హక్కులు' మీద సొంత పేరు వేసుకున్నాడు, అచ్చులన్నీ ఉంచి. 1791లో మొదటి భాగం ధర మూడు షిల్లింగులు. దాని జోలికి ఎవరూ పోలేదు. మరుసటి ఏడాది రెండో భాగంతోపాటు ఆరు పెన్నీల చవక ప్రతులు వచ్చాయి, కేసూ వచ్చింది. 1792 డిసెంబరులో అటార్నీ జనరల్ కోర్టుకు తేడా విప్పిచెప్పాడు: ముందుది వివేకం గల పాఠకుల చేతికే వెళ్లింది, ఇప్పుడు మాత్రం ఊరందరి చేతుల్లోకీ తోస్తున్నారు, ఆఖరికి పిల్లల మిఠాయిలు కూడా ఇందులోనే పొట్లం కడుతున్నారు. ప్రతివాది ఫ్రాన్సులో ఉన్నాడు. డిఫెన్సు వాదన ముగిశాక సర్కారు జవాబు వినిపించబోతే, జ్యూరీ అక్కర్లేదని చెప్పి నేరస్థుడని తేల్చేసింది.