రాకీ బాయ్ అసలు పేరు

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఉన్న రాకీ బాయ్ రిజర్వేషన్ గురించి మీ వ్యాసం తెలుగులో చదవడం సంతోషంగా ఉంది. (రిజర్వేషన్ అంటే ఇక్కడ మనమనుకునే కోటా కాదు, ఆదివాసీ తెగకు కేటాయించిన భూమి.) కానీ అక్కడివాళ్లను మీరు వ్యాసమంతా 'క్రీ తెగ' అనే రాశారు. అది సగం నిజమే. వాళ్ల పేరు చిప్పెవా క్రీ, అంటే రెండు జాతులు కలిసిన తెగ. చిప్పెవా అన్నా ఒజిబ్వే అన్నా ఒకటే.

ఆ భూమి కోసం ఏళ్ల తరబడి తిరిగిన ఒజిబ్వే నాయకుడి పేరుకు అర్థం 'రాతి బిడ్డ'. తెల్లవాళ్లు దాన్ని తప్పుగా తర్జుమా చేసి 'రాకీ బాయ్' అన్నారు, కాగితాల్లో అదే ఉండిపోయింది. అక్కడి స్టోన్ చైల్డ్ కాలేజీ పేరులో మాత్రం సరైన అర్థం బతికే ఉంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మనసు నిండుతుంది.

క్రీల నాయకుడు లిటిల్ బేర్, కెనడా ప్రభుత్వంపై 1885లో జరిగిన తిరుగుబాటు తర్వాత అక్కడి నుంచి తన వాళ్లతో మోంటానాకు వచ్చారు. 1896లో అమెరికా సైన్యం క్రీలను పట్టుకుని రైళ్లెక్కించి సరిహద్దు దాటించింది. చాలామంది తిరిగొచ్చేశారు. ఊళ్ల చివర గుడారాలేసుకుని, పశువుల కొమ్ములు నునుపు చేసి అమ్ముకుంటూ, చెత్తకుప్పల్లో తిండి వెతుక్కుంటూ బతికారు. చివరికి 1916 సెప్టెంబర్‌లో పాత సైనిక స్థావరం భూమిలో కొంత రెండు జాతులకూ కలిపి ఇచ్చారు. అప్పటికి కొన్ని నెలల ముందే రాకీ బాయ్ కన్నుమూశారు.

దయచేసి వ్యాసంలో 'క్రీ' ముందు 'చిప్పెవా' చేర్చండి.